తాబేలు ఆట

ఆసుపత్రి కింది అంతస్తులో బట్టలుతికే గది ఉంది. యంత్రాల మోతలో పక్కమనిషి మాటే వినపడదు, ఇక ఫోన్లేం వినపడతాయి. అందుకని పనివాళ్ళందరూ ఫోన్లు సూపర్‌వైజరు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్తారు. ఎవరికైనా ఫోనొస్తే ఆయన గాజు తలుపు మీద తట్టి, ఫలానా మనిషికని వేలు చూపిస్తాడు. ఆ ఏడాది ఆయన వేలు ఎక్కువసార్లు పిడుగు వాళ్ళమ్మ వైపే తిరిగింది. రానురాను వేలు చూపించడం కూడా మానేశాడు. తలుపు తట్టి నిట్టూర్చేవాడు, ఆమె చేతి తొడుగులు విప్పుకుంటూ బయటికి వచ్చేది.

పిడుగు అన్న పేరు మేనమామ పెట్టింది. ఏడాది నిండకముందు వాడు మామ చెంప చెళ్ళుమనిపిస్తే, పిడుగురా వీడు అని ఆయన మురిసిపోయి మళ్ళీ కొట్టించుకున్నాడు. ఇంటిల్లిపాదీ వరసగా చెంపలు చాపారు. ఇప్పుడు వాడు రెండో తరగతి. పేరు అలాగే నిలిచిపోయింది గాని, ఆ పేరుకి నవ్వేవాళ్ళు మామ తప్ప ఎవరూ మిగల్లేదు.

ఆ రోజు ఫోను కూడా బడి నుంచే. నీళ్ళ కుళాయి దగ్గర వరసలో తనకన్నా ముందు నిలబడిందని పిడుగు ఒక ఆడపిల్ల తల మీద ఇనుప సీసాతో కొట్టాడు. అంతకుముందు ఒకణ్ణి కొరికాడు, ఒకడి చేతిలో పెన్సిలు గుచ్చాడు. ప్రతిసారీ తల్లి వెళ్ళి, దెబ్బ తిన్న పిల్లల అమ్మానాన్నల ముందు తల వంచుకుని నిలబడి, ఇకముందు జరగదని మాటిచ్చి వచ్చేది. ఆ మాట నిలబెట్టుకోవడం తన చేతిలో లేదని ఆమెకీ తెలుసు, వినేవాళ్ళకీ తెలుసు.

ఈసారి పెద్ద టీచరు కుర్చీ చూపించింది. ఎప్పుడూ నిలబెట్టే మాట్లాడే మనిషి కూర్చోమనేసరికి తల్లి భయపడుతూ కుర్చీ అంచున కూర్చుంది. ఊరి చివర ఇలాంటి పిల్లలకని వేరే బడి ఉందనీ, అక్కడికి పోయినవాళ్ళలో మళ్ళీ మామూలు బడికి తిరిగొచ్చినవాణ్ణి తాను ఇంతవరకూ చూడలేదనీ పెద్ద టీచరు చెప్పింది. భయపెట్టడానికి కాదు, ఉన్నమాట చెప్పింది. అయితే ఒక దారి ఉంది. చేయి చేసుకునే పిల్లల్ని చిన్నప్పుడే పట్టుకుని మార్చే కార్యక్రమం ఒకటి కొత్తగా వచ్చింది. అందుకోసం కౌన్సెలింగ్ మేడమ్ ఒకామెని వేశారు. వారానికొకసారి ఆఖరి పీరియడులో అలాంటి ఐదుగురు పిల్లల్ని మేడ మీద చివరి గదిలో కూర్చోబెట్టి నేర్పిస్తుంది. పిడుగుని అందులో వేస్తారు. మళ్ళీ ఎవరినైనా గాయపరిస్తే మాత్రం వేరే బడే.

మేడమ్ చిన్నవయసు మనిషి. మాట్లాడుతున్నంతసేపూ తల్లి కళ్ళలోకే చూసింది. ఈ వయసులో అయితే కోపం ఇంకా అలవాటు మాత్రమేనని, ఇంకో రెండు మూడేళ్ళు పోతే అదే వాడి గుణమని అందరూ అనేస్తారని, అందుకే ఇప్పుడే మొదలుపెట్టాలని చెప్పింది. తల్లికి ఆ మాటలు చల్లగా తగిలాయి. ఇన్నాళ్ళకి ఒకరు తన కొడుకు గురించి తిట్లు లేకుండా మాట్లాడారు.

ఇంట్లో మొదట ఒప్పుకోనిది తండ్రి. ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. నలుగురు రౌడీల మధ్య కూర్చోబెడితే వాడి మీద ముద్ర పడిపోతుందన్నాడు. ఆ సాయంత్రం మేనమామ కూడా అక్కడే ఉన్నాడు.

"కోపం తగ్గించే క్లాసా? అయితే నన్నూ వేసుకోమను అక్కా. మా మేనేజర్ని కూడా వెంటబెట్టుకొస్తా, వాడికి డబుల్ డోసు పడాలి."

"నువ్వు నోరుమూసుకో. నీ చెంప దెబ్బలే వాణ్ణి ఇంతకి తెచ్చాయి," అన్నాడు తండ్రి.

"నా చెంప బావా, నీదేం పోయింది?"

తల్లి నవ్వలేదు. తనకి తెలిసిన పద్ధతిలో చెప్పింది. ఆసుపత్రిలో మరకలున్న దుప్పట్లని ముందే వేరుచేస్తారు. వాటికి వేరే యంత్రం, వేరే మందు, మరిగే నీళ్ళు. అన్నీ కలిపేస్తే మంచివాటికీ మరక అంటుతుంది, వీటి మరకా వదలదు. విడిగా వేస్తే తెల్లగా బయటికి వస్తాయి. మేడమ్ చేస్తున్నదీ అదేనంది. ఇరవై రకాల మరకల్ని చూపుతో పోల్చగల మనిషి మాట కాబట్టి తండ్రి ఇంక ఎదురు చెప్పలేకపోయాడు. ఆ మాట ఆమె ఎంత గట్టిగా నమ్మిందంటే, మర్నాడు పనిలో పక్కావిడకి కూడా అలాగే వివరించింది.

మేడమ్ నేర్పిన మొదటి పాఠం తాబేలు. కోపం రాగానే కింద కూర్చోవాలి. మోకాళ్ళు దగ్గరికి లాక్కుని, తల లోపలికి ముడుచుకుని, కళ్ళు మూసుకోవాలి. చిప్పలోకి వెళ్ళిపోయాను, ఇక నన్నెవరూ ఏమీ చేయలేరు అనుకుంటూ నెమ్మదిగా ఊపిరి పీల్చి వదలాలి. కోపం పోయాక తల బయటికి పెట్టాలి.

పనిచేసింది. టీవీ కట్టేసినప్పుడు పిడుగు రిమోటు విసిరేయబోయి, ఆగి, గది మధ్యలో ముడుచుకుపోయాడు. తండ్రి చేతిలో గ్లాసు అలాగే పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. కాసేపటికి వాడు తల ఎత్తి, "అయిపోయింది" అన్నాడు. తల్లి వంటింట్లోకి వెళ్ళి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

పిడుగుకి అప్పటిదాకా ఒక్కడే స్నేహితుడు. మెట్లకి అవతలి ఇంటి పిల్లవాడు, అదే తరగతి. దూరం చూపు తక్కువని చిన్నప్పుడే అద్దాలు పెట్టారు, అందుకని అందరూ కళ్ళజోడు అనేవారు. పిడుగు అంటే భయపడని పిల్లవాడు మొత్తం బడిలో వాడొక్కడే. పిడుగు కూడా అందరినీ కొట్టాడు గాని కళ్ళజోడు మీద ఏనాడూ చేయి వేయలేదు. ఎందుకని తల్లి అడిగితే, వాడు నన్ను చూసి వెనక్కి జరగడు కదా అన్నాడు. మేడమ్ చెప్పిన తాబేలుని పిడుగు వాడికి కూడా నేర్పాడు. ఇద్దరూ మెట్ల మీద పక్కపక్కనే ముడుచుకుని కూర్చుని, ఎవరు ముందు తల బయట పెడతారా అని పందెం వేసుకునేవారు. వచ్చేపోయేవాళ్ళు తాబేళ్ళూ దారివ్వండి అంటూ దాటుకుని పోయేవారు.

కొన్నాళ్ళకి పిడుగు మాటల్లో బాస్ అన్న పేరు వినపడసాగింది. బాస్ మూడో తరగతి, ఆ ఐదుగురిలో పెద్దవాడు. బాస్‌కి ఈల వేయడం వచ్చు, బాస్ గోడెక్కి దూకుతాడు, బాస్ తన పక్కన నన్ను కూర్చోమన్నాడు. తల్లికి సంతోషమే వేసింది. పుట్టినరోజులకి తన కొడుకుని పిలిచినవాళ్ళు లేరు. ఆటలో చేర్చుకున్నవాళ్ళు లేరు. ఇప్పుడు రండిరా అని పిలిచే నలుగురు దొరికారు. మనసు ఉండబట్టలేక, వచ్చే ఆదివారం వాళ్ళని మనింటికి పిలువు అంది.

నలుగురూ వచ్చారు. బిస్కెట్లు, అరటిపళ్ళు పళ్ళెంలో పెట్టి ఇచ్చి ఆమె వంటింట్లో పాలు కాచసాగింది. పిల్లలు బుద్ధిగానే ఉన్నారు, చెప్పులు కూడా గుమ్మం బయట విప్పి వచ్చారు. ముందు గదిలో మాటలు ఆమెకి వినపడుతూనే ఉన్నాయి. ఒకడు తన చెల్లెలి జుట్టు ఎలా పీకాడో చెప్పాడు. మిగతావాళ్ళు పగలబడి నవ్వారు. ఇంకొకడు పక్కింటి కుక్కని ఏం చేశాడో చెప్పాడు. ఇంకా గట్టిగా నవ్వారు. బాస్ తన వంతు రాగానే మాట తగ్గించి చెప్పాడు, అందరూ ఊపిరి బిగబట్టి విని విరగబడి నవ్వారు. పిడుగు వంతు వచ్చింది. వాడు నీళ్ళ సీసా సంగతి చెప్పాడు. అది అందరికీ తెలిసినదే కాబట్టి ఎవరూ నవ్వలేదు.

అప్పుడు పిడుగు, ఒకణ్ణి మేడ మెట్ల మీద నుంచి తోసేశానని, వాడి పళ్ళూడాయని చెప్పాడు. అలాంటిదేదీ జరగలేదు. జరిగుంటే సూపర్‌వైజరు తలుపు తట్టేవాడే. అయినా పిల్లలు పడీపడీ నవ్వారు. బాస్ వాడి వీపు మీద చరిచి, "నువ్వు మామూలోడివి కాదురా," అన్నాడు.

పాల గ్లాసులతో వచ్చిన తల్లి ఆ క్షణంలో కొడుకు మొహం చూసింది. తాబేలులా ముడుచుకుని తల బయట పెట్టి మెప్పు కోసం చూసినప్పుడు కూడా ఆ మొహం అంతగా వెలగలేదు. అబద్ధం చెప్పినందుకు మందలించాలనుకుంది. నలుగురు స్నేహితుల ముందు వాడి తల కొట్టేసినట్టవుతుందని ఊరుకుంది. తర్వాత అడగబోతే వాడు నిద్రపోయాడు. ఆపైన పనిలో పడి అది మరుగున పడింది.

ఈలోగా మేడమ్ గదిలో పిల్లలు చక్కగా ఉంటున్నారన్న కబురు వస్తూనే ఉంది. చెప్పిన పాట పాడుతున్నారు, ఒకరి వస్తువులు ఒకరు లాక్కోవడం లేదు, ఐదుగురూ ఒక్క మాట మీద ఉంటున్నారు. పెద్ద టీచరు కూడా పొంగిపోయింది. ఒక్క మాట మీద ఉండి వాళ్ళు చేసేదంతా మరుగుదొడ్ల వెనక, మేడమ్ రాని రోజుల్లో జరిగేది. అక్కడ వాళ్ళు తాబేలుని ఆటగా మార్చుకున్నారు. ఒక చిన్న పిల్లవాణ్ణి పట్టుకుని బాస్ "తాబేలు" అంటాడు. వాడు ముడుచుకుని కూర్చోవాలి. మిగతావాళ్ళు వంతులవారీగా కాలితో తన్నాలి. తల బయట పెడితే తాబేలు ఓడిపోయినట్టు, మళ్ళీ మొదటి నుంచి. ఎక్కువమంది పిల్లలు ఆ మాట వినగానే పరుగు లంకించుకునేవారు. పరుగెత్తలేనివాళ్ళు దొరికేవారు. ఎవరూ ఇళ్ళల్లో చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం బాస్ పిడుగుతో, ఈసారి తాబేలుని నువ్వే తీసుకురా అన్నాడు. పిడుగు ఎవరి దగ్గరికి వెళ్ళినా వెనక్కి జరుగుతారు. జరగనివాడు ఒక్కడే.

వాడు కళ్ళజోడుని మరుగుదొడ్ల వెనక్కి తీసుకెళ్ళి తాబేలు అన్నాడు. కళ్ళజోడు ఆ మాటని మెట్ల మీద నేర్చుకున్నాడు. అందుకని అద్దాలు తీసి జేబులో పెట్టుకుని, కింద కూర్చుని, మోకాళ్ళు దగ్గరికి లాక్కుని, కళ్ళు మూసుకున్నాడు.

సూపర్‌వైజరు ఆ రోజు తలుపు తట్టలేదు. తానే లోపలికి వచ్చాడు.

కళ్ళజోడుకి ఎడమచేతి ఎముక విరిగింది, పక్కటెముక ఒకటి చిట్లింది. తల్లి పనిచేసే ఆసుపత్రికే తెచ్చారు. ఆమె పని బట్టలతోనే పైకి పరుగెత్తింది. వార్డు బయట బల్ల మీద అవతలి ఇంటావిడ కూర్చుని ఉంది. ఇద్దరూ ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవారు, తాళంచెవులు ఒకరి దగ్గర ఒకరు పెట్టుకునేవారు. తల్లి వంగి ఆవిడ కాళ్ళు పట్టుకోబోతే, ఆవిడ వాటిని వెనక్కి తీసుకుంది. తిట్టలేదు. అసలు ఆమె వైపు చూడలేదు.

"మావాడు పారిపోలేదు వదినా. మీవాడు కూర్చోమంటే కూర్చున్నాడు. అద్దాలు పగులుతాయని జేబులో పెట్టుకున్నాడంట." ఆవిడ మెల్లగా అంది, "ఎముక అతుక్కుంటుందన్నారు. నేనిప్పుడు వాడికి ఏం చెప్పాలి? ఎవరినీ నమ్మొద్దని చెప్పనా?"

మర్నాడు తల్లి బడికి వెళ్ళింది, ముందు మేడమ్ దగ్గరికి. మేడమ్ కళ్ళు వాచి ఉన్నాయి. గోడ మీద పిల్లలు గీసిన ఆకుపచ్చ తాబేళ్ళు ఐదూ ఇంకా అతికించే ఉన్నాయి. తన కొడుకుని ఆ నలుగురి నుంచి విడదీసి, ఒక్కణ్ణే కూర్చోబెట్టి నేర్పమని తల్లి అడిగింది. మూడు బళ్ళకి తానొక్కతే మనిషినని, ఒక్కొక్కరికి విడిగా చెప్పాలంటే వారమంతా చాలదని మేడమ్ చెప్పింది. మొదట్లోనే ఇలాంటి పిల్లలందర్నీ ఒకచోట చేర్చొద్దని, ఒక్కో కోపిష్ఠి పిల్లవాడికి ఇద్దరు నెమ్మదైన పిల్లల్ని జత చేస్తే వాళ్ళని చూసి నేర్చుకుంటారని పైవాళ్ళకి రాసిందట. పైవాళ్ళు సరేనన్నారు. నెమ్మదైన పిల్లల అమ్మానాన్నలు ఒప్పుకోలేదు.

"ఒక్కరూ ఒప్పుకోలేదాండీ?" అంది తల్లి.

"ఒకళ్ళు ఒప్పుకున్నారు. మీ ఎదురింటివాళ్ళే. ఒక్కడితో ఏం చేయను? నేనే వద్దన్నాను." మేడమ్ బల్ల మీది సుద్దపొడి చేత్తో తుడుస్తూ అంది, "మిగతావాళ్ళ మీద నాకు కోపం లేదమ్మా. మీకు నెమ్మదైన పిల్లాడుంటే, మీరు పంపేవారా?"

తల్లి పంపేదాన్ని అనాలనుకుంది. అబద్ధమాడటానికి నోరు రాలేదు.

పెద్ద టీచరు అప్పటికే తీర్మానం చేసేసింది. బాస్‌ని వేరే బడికి పంపేశారు. పిడుగుని కూడా పంపాల్సిందే గాని, తల్లి ఆ గుమ్మం దగ్గర కదలకుండా నిలబడటం చూసి ఆవిడ కొంచెం మెత్తబడింది. వాడు పిల్లవాణ్ణి తీసుకెళ్ళాడే గాని తన్నింది బాసేనని చూసినవాళ్ళు చెబుతున్నారు. కళ్ళజోడు కోలుకుని వచ్చిన రోజున ఆ పిల్లవాడి ముందు, వాడి అమ్మానాన్నల ముందు పిడుగు తన నోటితో తప్పయిపోయిందని చెప్పి, ఇంకెప్పుడూ ఎవరినీ కొట్టనని మాటివ్వాలి. వాళ్ళు సరేనంటే వాడు ఇక్కడే ఉంటాడు. ఇదే ఆఖరిసారి.

తండ్రి వెళ్ళి అవతలి ఇంటాయనతో మాట్లాడి వచ్చాడు. ఎంత బతిమాలుకున్నాడో ఇంట్లో చెప్పలేదు. వస్తామన్నారు అని మాత్రం అన్నాడు.

ఆ రోజు వచ్చేదాకా తల్లి కొడుక్కి అదే నేర్పింది. అన్నం పెడుతూ చెప్పించింది, తల దువ్వుతూ చెప్పించింది. వాడు ఒక్కసారి కూడా మొరాయించలేదు. "నాది తప్పయిపోయింది. ఇంకెప్పుడూ ఎవరినీ కొట్టను. నన్ను క్షమించు." పద్యం అప్పజెప్పినట్టు అప్పజెప్పేవాడు. మేనమామ వచ్చి విని, భేష్ అన్నాడు. ఆయన కూడా ఈమధ్య వాణ్ణి ఆ పేరుతో పిలవడం లేదు. వాడు మధ్యలో ఒక్కసారి మాత్రం, బాస్ వెళ్ళిన బడి ఎంత దూరం అని అడిగాడు. చాలా దూరమని, అక్కడికి వెళ్ళినవాళ్ళు మళ్ళీ ఈ బడికి రారని తల్లి చెప్పింది. భయపడితే మంచిదనే చెప్పింది. వాడు ఊఁ అన్నాడు.

పెద్ద టీచరు గదిలో అందరూ చేరారు. కళ్ళజోడు చేయి మెడకి వేసిన పట్టీలో ఉంది. జేబులో పగిలినవాటి బదులు కొన్న కొత్త అద్దాలు ముక్కు మీద నిలవక జారుతున్నాయి. వాడు వాళ్ళమ్మ కుర్చీ వెనక నిలబడి ఉన్నాడు. మేడమ్ కిటికీ దగ్గర నిలబడింది. తల్లి పిడుగు భుజం మీద చేయి వేసి ముందుకి నడిపించింది. పిడుగు ఒక అడుగు ముందుకేశాడు. కళ్ళజోడు ఒక అడుగు వెనక్కి జరిగాడు.

పిడుగు అది చూశాడు. వాడి పెదవులు కాసేపు కదిలాయి. నేర్పిన మొదటి మాట దాకా వచ్చాడని తల్లికి అర్థమయింది. తర్వాత వాడు పెద్ద టీచరు వైపు తిరిగాడు.

"బాస్ ఒక్కడే కాదు, నేను కూడా తన్నాను," అన్నాడు. "ఇక్కడుంటే మళ్ళీ తంతాను."

గొంతు పెంచలేదు. పిడికిళ్ళు బిగించలేదు. ముక్కుతో నెమ్మదిగా ఊపిరి పీల్చి వదిలాడు, మేడమ్ నేర్పినట్టే. అంత ప్రశాంతంగా ఉన్న కొడుకుని తల్లి అంతకుముందెప్పుడూ చూడలేదు. మేడమ్ కిటికీ వైపు తిరిగిపోయింది.

తల్లి వాడి రెండు భుజాలూ పట్టుకుని కుదిపింది. నేర్పింది అది కాదు కదరా, మళ్ళీ చెప్పు, సరిగ్గా చెప్పు అంది. వాడికి భయం వేసి అలా అన్నాడని అందరికీ చెప్పింది, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళ మొహాల్లోకి చూస్తూ చెప్పింది. అవతలి ఇంటాయన లేచి, మంచి చేతి వైపు నుంచి కొడుకుని దగ్గరికి తీసుకుని బయటికి నడిచాడు. ఆవిడ గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఏమైనా అంటుందేమోనని తల్లి ఎదురుచూసింది. ఆవిడ కొంగు సర్దుకుని వాళ్ళ వెనకే వెళ్ళిపోయింది.

పెద్ద టీచరు ఇక తన చేతుల్లో ఏమీ లేదంది. సోమవారం నుంచి వేరే బడి బస్సు ఆసుపత్రి వీధి చివరికి వస్తుందని, అక్కడ ఎక్కించమని చెప్పింది.

తల్లీకొడుకులు బడి గేటు దాటారు. పనికి వెళ్ళే వేళయింది గాని ఆమె మూసి ఉన్న దుకాణం అరుగు మీద కూలబడింది. ఎందుకలా అన్నావని అడగాలని ఉంది, జవాబు వినే ధైర్యం లేదు. వాడు పక్కనే కూర్చుని ఆమె చేతిని తన ఒళ్ళోకి తీసుకున్నాడు. మందు నీళ్ళకి పాలిపోయి ముడతలు పడ్డ వేళ్ళని ఒక్కొక్కటే నిమురుతూ ఉన్నాడు. మంచి పిల్లవాడే అనిపించేలా నిమిరాడు.

"అమ్మా, ఏడవకు," అన్నాడు. "అక్కడ అందరూ నాలాంటోళ్ళేనంట. ఎవ్వరూ వెనక్కి జరగరంట."

ఆమె చేయి వెనక్కి తీసుకోలేదు. సోమవారానికి వాడికి ఉతికిన చొక్కాలున్నాయో లేదోనని మాత్రం ఆలోచించగలిగింది.